మణికట్టు మీద లక్ష రూపాయలు

పోయిన గురువారం మగ్రిబ్ నమాజు ముగిసిన తర్వాత మసీదు మెట్ల దగ్గర ఒక పెద్దమనిషి మమ్మల్ని ఆపారు. ఆయనతో మాకు ఇరవై ఏళ్ళ పరిచయం. ఆయన పిల్లలు ముగ్గురూ మా దగ్గరే ఖాయిదా దిద్దుకున్నారు. పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందనీ, అబ్బాయి ఇంజనీరనీ, దుబాయిలో ఉద్యోగమనీ చెప్పారు. "జోడే కీ రఖమ్ అక్కర్లేదన్నారు మౌల్వీసాబ్, ఎంతో మర్యాదస్తులు" అని సంతోషపడ్డారు. అంతలోనే గొంతు తగ్గించి, "అబ్బాయికి ఒక వాచీ మాత్రం పెట్టమన్నారు" అన్నారు.

వాచీయే కదా అనుకున్నాం. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించారు. దాని మీద ఇంగ్లీషులో రెండు పేర్లున్నాయి. ఒకటి అమెరికాకు చెందిన యాపిల్, రెండవది పారిస్‌కు చెందిన హెర్మెస్. ఈ రెండు సంస్థలూ కలిసి 2015 నుండి అమ్ముతున్న స్మార్ట్ వాచీ అది. ధర లక్ష రూపాయల పైమాట. ఆయన అడిగిన ప్రశ్న ఇది: "ఇది బంగారంలాంటిదేనా? రేపు పిల్లకు ఏదైనా కష్టం వచ్చి అమ్ముకుంటే మన డబ్బు మనకు వస్తుందా? వస్తుందంటే అప్పు చేసైనా పెడతాను."

శుక్రవారం సమాధానం చెబుతామని ఆయన్ను పంపించాం. ఇలాంటి కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్న తండ్రులు మన ఊళ్ళలో ఆయన ఒక్కరే కారు. అప్పు లేకుండానే అలాంటి వాచీ కొనుక్కోగల యువకులు కూడా మన పాఠకుల్లో లేకపోలేదు. కనుక ఆ సమాధానం అందరి ముందూ చెప్పడమే మంచిదనిపించింది.

ముందు ఆయన ప్రశ్నకు సూటిగా జవాబు. రాదు. డబ్బు తిరిగి రాదు. స్మార్ట్ వాచీ బంగారంలాంటిది కాదు. ఆఖరికి దాన్ని నిజంగా బంగారంతోనే చేసినా అది బంగారంలాంటిది కాదని పదేళ్ళ క్రితమే రుజువయింది.

2015 ఏప్రిల్‌లో యాపిల్ సంస్థ తన మొట్టమొదటి వాచీని విడుదల చేసినప్పుడు దానిలో మూడు తరగతులు పెట్టింది. అల్యూమినియంతో చేసింది అమెరికాలో 349 డాలర్లకు మొదలయింది. అన్నిటికన్నా పై తరగతిది 18 క్యారెట్ల బంగారంతో చేసింది. దాని ధర 10,000 డాలర్ల నుండి 17,000 డాలర్ల వరకు ఉండేది. లోపలి యంత్రం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. 349 డాలర్లు ఇచ్చినవాడి చేతి మీద పనిచేసిన చిప్పే 17,000 ఇచ్చినవాడి చేతి మీదా పనిచేసింది. మరుసటి సంవత్సరం, అంటే 2016 సెప్టెంబరులో కొత్త వాచీ వచ్చేసరికి బంగారు రకాన్ని సంస్థే మానేసింది. 2018లో ఆ వాచీలను నడిపించే సాఫ్ట్‌వేరు కొత్తది వచ్చినప్పుడు మొదటి తరం వాచీలకు అది అందలేదు. అల్యూమినియం వాచీకీ అందలేదు, బంగారు వాచీకీ అందలేదు. 2023లో సంస్థ వాటిని కాలం చెల్లిన వస్తువుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి చేరిన వస్తువుకు ఇక సంస్థ మరమ్మతు చేయదు, విడి భాగాలు ఇవ్వదు.

మరి బంగారం మిగిలింది కదా, దాని ధర పెరిగింది కదా అని కొందరు అనవచ్చు. నిజమే, పెరిగింది. మన దేశంలో 2015లో పది గ్రాముల మేలిమి బంగారం సుమారు 26,000 రూపాయలుండగా 2025లో లక్ష దాటింది. అయితే ఒక చిన్న లెక్క వేద్దాం. 2015లో ప్రపంచ మార్కెట్టులో ఒక ఔన్సు, అంటే 31 గ్రాముల బంగారం రమారమి 1,200 డాలర్లు. ఆ లెక్కన పదివేల డాలర్లకు 250 గ్రాములకు పైగా మేలిమి బంగారం వచ్చేది. ఆ వాచీలలో పెద్ద సైజుదాని బరువు పట్టీ తీసేస్తే 70 గ్రాములకు అటూ ఇటూ. అందులోనే గాజు, బ్యాటరీ, తీగలు అన్నీ ఉన్నాయి. మిగిలిన లోహంలో 18 క్యారెట్లంటే నూటికి 75 పాళ్ళే మేలిమి. అంటే కొన్నవాడు ఇచ్చిన సొమ్ములో చాలా భాగం బంగారానికి కాదు, పేరుకు ఇచ్చాడు. ఆ డబ్బుతో నేరుగా సరాఫా బజారుకు వెళ్ళి బిస్కెట్టు కొని ఇంట్లో పెట్టుకున్నవాడు నేడు నవ్వుకుంటూ ఉంటాడు. వాచీ కొన్నవాడి దగ్గర గంట కూడా చూపించని బంగారు డబ్బా ఉంది.

ఇక్కడ ఒక మాట. పురుషులు బంగారం ధరించడం షరీఅత్‌లో నిషిద్ధమని మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. ఉంగరానికి వర్తించినదే గడియారానికీ వర్తిస్తుంది. పైపూత విషయంలో ఎవరికైనా సందేహముంటే తమ ఊరి ముఫ్తీగారిని అడిగి తెలుసుకోవాలి. ఈ మధ్య పెళ్ళికొడుకుల చేతులకు మిలమిలలాడే పసుపుపచ్చ గడియారాలు కనబడుతున్నాయి గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

మన పెద్దమనిషి కాగితంలోని వాచీ బంగారానిది కాదు. దాని ధరను పెంచింది హెర్మెస్ అనే పేరు. ఈ సంస్థ 1837లో పారిస్‌లో గుర్రాల సామాను కుట్టే దుకాణంగా మొదలయింది. తోలు పనిలో వాళ్ళ నైపుణ్యాన్ని మేము తక్కువ చేయడం లేదు. పట్టీ వాళ్ళది, గడియారం ముఖం మీద అంకెల తీరు వాళ్ళది. లోపల గుండె వేగం లెక్కపెట్టేదీ, అడుగులు లెక్కపెట్టేదీ, ఫోనుతో మాట్లాడేదీ యాపిల్ యంత్రమే. ఆ యంత్రం మామూలు పెట్టెలో దాదాపు సగం ధరకు, అల్యూమినియంలో అంతకన్నా తక్కువకు దొరుకుతుంది. 2024లో వచ్చిన పదవ తరం అల్యూమినియం వాచీ మన దేశంలో 46,900 రూపాయలకు మొదలయింది. విచిత్రమేమిటంటే ఈ జోడీలో ఎక్కువకాలం నిలిచేది తోలు పట్టీయే. పాత వాచీ మూలపడితే పట్టీని తీసి కొత్తదానికి తగిలించుకోవచ్చు. కానీ రోజుకు ఐదుసార్లు వజూ చేసేవాడి చేతికి తోలు పట్టీ ఎంతకాలం అందంగా ఉంటుందో మా కన్నా మీకే బాగా తెలుసు! తీయడం, పెట్టడం, ఒకసారి మరచిపోయి తడపడం. దానికి తోడు మన మే నెల చెమట.

స్మార్ట్ వాచీ విలువ ఎందుకు ఇలా పడిపోతుంది? మొదటి కారణం బ్యాటరీ. లిథియం బ్యాటరీ ఏ కంపెనీదైనా వాడేకొద్దీ ముసలిదవుతుంది. వెయ్యిసార్లు పూర్తిగా చార్జి చేసిన తర్వాత తమ వాచీ బ్యాటరీ మొదటి శక్తిలో 80 శాతం నిలుపుకునేలా తయారు చేశామని యాపిల్ సంస్థే చెప్పుకుంటోంది. రోజుకొకసారి చార్జి చేస్తే వెయ్యిసార్లంటే మూడేళ్ళకు దగ్గర. రెండవ కారణం సాఫ్ట్‌వేరు. దాన్ని ఎన్నాళ్ళు కొత్తగా ఉంచాలో నిర్ణయించేది కొన్నవాడు కాదు, ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చున్న సంస్థ. 2021లో గూగుల్ తన గడియారాల సాఫ్ట్‌వేరుకు కొత్త రూపం ప్రకటించినప్పుడు, అప్పటికే ఎంతో ఖరీదు పెట్టి కొన్న ఎన్నో వాచీలకు అది రాలేదు. మూడవ కారణం మనిషి మనసు. ప్రతి సెప్టెంబరులో కొత్తది వస్తుంది. నిన్నటిది ఈ రోజు పాతదవుతుంది.

ఆదాయపు పన్ను శాఖవారి దగ్గర దీనికొక లెక్క ఉంది. వ్యాపారంలో వాడే కంప్యూటర్ల విలువ ఏటా 60 శాతం తరుగుతుందని ఒకప్పుడు లెక్కకట్టేవారు. 2017లో దాన్ని 40 శాతం చేశారు. ఆ 40 శాతం లెక్కనే వాచీకి వేసి చూడండి. లక్ష రూపాయల వస్తువు ఏడాదికి 60,000. రెండేళ్ళకు 36,000. మూడేళ్ళకు 21,600. బజారు ఈ లెక్కను అక్షరాలా పాటించదనుకోండి. కొన్నిసార్లు అంతకన్నా దయగా, కొన్నిసార్లు మరింత కఠినంగా ఉంటుంది. పాత వాచీని తీసుకునే దుకాణదారు ముందు అడిగేది అది ఏ సంవత్సరం యంత్రమని. పట్టీ మీది పేరు గురించి ఆ తర్వాతే.

స్విట్జర్లాండు గడియారాల సంస్థలకు ఈ బాధ తెలియకపోలేదు. 1860 నుండి గడియారాలు చేస్తున్న టాగ్ హోయర్ సంస్థ 2015 నవంబరులో గూగుల్, ఇంటెల్ సంస్థలతో కలిసి 1,500 డాలర్ల స్మార్ట్ వాచీ తెచ్చింది. దానితో పాటే ఒక వాగ్దానం చేసింది. రెండేళ్ళ గ్యారంటీ ముగిశాక ఈ వాచీ తెచ్చి ఇచ్చి, మరో 1,500 డాలర్లు కడితే తాము చేసే మామూలు యాంత్రిక గడియారం ఇస్తామంది. తమ కొత్త వస్తువు రెండేళ్ళలో పాతబడిపోతుందని గడియారాలు చేసేవాళ్ళే ఒప్పుకున్నట్టు కాదా ఇది? నిజాయితీగల వర్తకం అనే అంటాం. ఇంటెల్ సంస్థ 2017లో ఒంటికి ధరించే వస్తువుల విభాగాన్నే మూసివేసింది. అదే 2017లో, విలాసవంతమైన సెల్‌ఫోన్లకు పేరుమోసిన వెర్టూ సంస్థ ఇంగ్లండులోని ఫ్యాక్టరీ మూతపడింది. నోకియావారు 1998లో మొదలుపెట్టిన సంస్థ అది. నీలమణి గాజూ, మేలురకం తోలూ పెట్టిన ఆ ఫోన్లను కొన్న షేకులూ సేట్లూ ఇప్పుడు వాటిని ఏం చేస్తున్నారో.

అయితే పాత పద్ధతి ముల్లుల గడియారాలు కొంటే లాభమే అని అపార్థం చేసుకోకండి. రోలెక్స్, పతేక్ ఫిలిప్ వంటి సంస్థల్లో కొన్ని రకాలకు కొన్నదానికన్నా ఎక్కువ పలికే మాట వాస్తవం. మిగతా ఖరీదైన గడియారాలలో చాలా భాగం దుకాణం గడప దాటగానే ధర తగ్గుతాయి. 2022 మొదట్లో ఆకాశానికి ఎగబాకిన రోలెక్సుల పాత సరుకు ధరలు కూడా ఆ తర్వాత దిగివచ్చాయి. తేడా ఏమిటంటే యాంత్రిక గడియారం ధర పడినా ప్రాణం పోదు. మా తండ్రిగారి హెచ్.ఎం.టి. జనతా ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది. రెండుసార్లు స్ప్రింగు మారింది, ఒకసారి అద్దం పగిలింది. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో గడియారాలు చేయడం మొదలుపెట్టిన ఆ ప్రభుత్వ కర్మాగారాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. చేసిన సంస్థ మూతపడినా గడియారం ఆగలేదు. పాతబస్తీలో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే ఘడీసాజ్ ఉన్నంతకాలం అది తిరుగుతూనే ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు గంట గంటకూ పిల్లలు గుమిగూడడం చూడనివారుండరు. లోపలినుండి గడ్డం మనిషి వచ్చి గంట కొట్టే ఆ గడియారానికి నూరేళ్ళు దాటాయి. నూరేళ్ళ నాటి స్మార్ట్ వాచీ అంటూ ఎప్పటికైనా ఒకటి ఉంటుందా?

మేము స్మార్ట్ వాచీలకు విరోధులం అనుకోవద్దు. గడియారమంటే మనకు పరాయి వస్తువు కాదు. నమాజు వేళలు చెప్పడానికే పెద్ద మసీదులలో మువక్కిత్ అనే ఉద్యోగి ఉండేవాడు. పద్నాలుగో శతాబ్దంలో దమాస్కస్ ఉమయ్యద్ మసీదు మువక్కిత్‌గా ఉన్న ఇబ్నుష్షాతిర్ ఖగోళ శాస్త్రంలో ఎంతటివాడో లోకమంతా ఒప్పుకుంది. ఈనాటి వాచీ కూడా వేళ చెబుతుంది, ఖిబ్లా దిక్కు చూపుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవాడిని నడవమని గుర్తు చేస్తుంది. 2018 నుండి కొన్ని వాచీలు మనిషి కిందపడితే గుర్తించి కబురు పంపుతున్నాయి, గుండె లయ తప్పితే హెచ్చరిస్తున్నాయి. ఇంట్లో ఒంటరిగా ఉండే తల్లికి గల్ఫులో ఉన్న కొడుకు అలాంటి వాచీ కొని పంపితే దాన్ని ఖర్చు అనడానికి మాకు నోరు రాదు. అది ఐదేళ్ళకు మట్టిలో కలిసిపోయినా ఆ ఐదేళ్ళూ తల్లి చేతిని కనిపెట్టుకుని ఉంది కదా. అయితే ఆ పనులన్నీ మామూలు రకమే చేస్తుంది. పారిస్ పట్టీ తగిలిస్తే గుండె లయను మరింత బాగా వినదు.

మరొక వాదన ఉంది. మా శిష్యుడొకడు, ఇప్పుడు డాక్టరు, ఈ మాటే మాతో అన్నాడు. "హజ్రత్, నేను తిరిగి అమ్మడానికి కొనడం లేదు. పెళ్ళికి కుట్టించుకున్న షేర్వానీ మళ్ళీ వేసుకోలేదు, దాని విలువ సున్నా. ఎవరూ అడగలేదు. వాచీ అయితే రోజూ పెట్టుకుంటాను. దీనికి మాత్రం తరుగుదల లెక్కలెందుకు?" న్యాయమైన ప్రశ్న. మేము కాసేపు జవాబు చెప్పలేకపోయాం. అతను అప్పు లేనివాడు, జకాత్ లెక్క ప్రకారం తీస్తాడు, చుట్టాల్లో ఇద్దరు పిల్లలను చదివిస్తున్నాడు. అలాంటివాడు తన సంపాదనలోంచి ఒక సరదా తీర్చుకుంటే దాన్ని ఇస్రాఫ్ అని ముద్ర వేసే హక్కు మాకు లేదు. ఏది దుబారా అన్నది కొనేవాడి స్తోమతును బట్టీ, అతని మీద ఉన్న బాధ్యతలను బట్టీ మారుతుంది. అతనితో మేము అన్నది ఒక్కటే. కొనుక్కో బాబూ, కానీ ఆ లక్షను ఆ రోజే ఖర్చు కింద రాసుకో, ఆస్తి కింద రాసుకోకు. మూడేళ్ళకు పంచుకుంటే రోజుకు తొంభై రూపాయలకు పైగా. రోజుకు అంత ఇచ్చి పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో. అతను నవ్వి ఊరుకున్నాడు. కొన్నాడో లేదో మేము అడగలేదు.

కానీ మసీదు మెట్ల మీద మమ్మల్ని ఆపిన మనిషి డాక్టరు కాదు. ఆయనది చిన్న కిరాణా కొట్టు. ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. ఆయన కొనేది తన చేతికి కాదు. ఆయనకు ఆ వాచీ ఆస్తీ కాదు, సరదా కూడా కాదు. "బంగారంలాంటిదే" అనే మాట ఆయన నోటికి ఎలా వచ్చిందో మాకు తెలుసు. జోడే కీ రఖమ్ అడగడానికి సిగ్గుపడే రోజులొచ్చాయి. అందుకు సంతోషించాలి. కానీ ఆ సిగ్గును తప్పించుకోవడానికి డబ్బు వస్తువు రూపం దాల్చింది. నాలుగు లక్షలు అడిగితే పదిమందీ ముక్కున వేలేసుకుంటారు. "అబ్బాయి ముచ్చట పడుతున్నాడు" అంటే ఎవరూ ఏమీ అనరు. ఒకప్పుడు సైకిలు, ఆ తర్వాత స్కూటరు, ఆ తర్వాత ఫ్రిజ్జు. ఆ వస్తువులకైనా ఇల్లంతటికీ ఉపయోగం ఉండేది. ఇది ఒక్క మణికట్టుకే.

అప్పు సంగతి చూద్దాం. దుకాణంలో "వడ్డీ లేని వాయిదాలు" అని బోర్డు ఉంటుంది. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని, ఆ వడ్డీ ఖర్చుల రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు అదే సరుకు వేరే పేరుతో నడుస్తోంది. చాలాచోట్ల జరిగేది ఇది. రొక్కం ఇచ్చేవాడికి దక్కే తగ్గింపు వాయిదాలవాడికి దక్కదు. బ్యాంకు మాత్రం తన వడ్డీ తాను వేసుకుంటుంది, దాని మీద పన్ను కూడా పడుతుంది. వడ్డీకి దూరంగా ఉండాలని పిల్లలకు నేర్పే ఇంట్లో, అల్లుడి చేతికి పెట్టే కానుక వడ్డీతో మొదలవడం ఎంత శోచనీయం! పైగా వాయిదాలు రెండేళ్ళు సాగితే, ఆఖరి వాయిదా కట్టే నాటికి బజారులో వాచీ విలువ సగానికన్నా కిందకు దిగి ఉంటుంది.

ఇక నిన్న, అంటే గురువారం నాడు, ఆయనకు మేము చెప్పిన మాటలు. లక్షకు మూడేళ్ళ లెక్క కాగితం మీద వేసి చూపించాం. అమ్మాయికి ఏదైనా ఆధారం ఉండాలని మీ తపన అయితే, ఆ డబ్బుతో కొన్నంత బంగారం అమ్మాయి పేరనే కొని పెట్టండి, అది ఆమె సొత్తు, ఎవరూ ముట్టుకోరాదు అన్నాం. అబ్బాయికి కానుక ఇవ్వాలని మనసుంటే మీ చేతిలో ఉన్నంతలో, అప్పు లేకుండా ఏ గడియారమైనా ఇవ్వండి అన్నాం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ కాగితం అబ్బాయే రాశాడా లేక మధ్యలో ఎవరైనా రాశారా అని అడిగాం. ఆయన తెల్లబోయారు. కాగితం ఇచ్చింది మధ్యవర్తిత్వం చేసిన దూరపు బంధువట. అబ్బాయితో ఈయన ఇంతవరకు ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడలేదట.

"మాట్లాడితే చిన్నబుచ్చుకుంటారేమో మౌల్వీసాబ్" అన్నారు. ఆయన ఫోను తీసి మా ముందే అబ్బాయి తండ్రికి చేయించాం. మూడుసార్లు మోగింది, ఎత్తలేదు. ఇషా అజాన్ అయింది. ఇద్దరం లేచి సఫ్‌లోకి వెళ్ళాం. నమాజు తర్వాత చూస్తే ఆయన ఫోనులో వాళ్ళ నుండి వచ్చిన పిలుపు ఒకటి ఉంది. ఆయన దాన్ని పట్టుకుని మసీదు బయటికి వెళ్ళారు. మేము మెట్ల మీదే కూర్చున్నాం.